కంప్యూటరు: వెదికి యిచ్చే గుమాస్తా, విసుగులేని పంతులు



విశాఖపట్నం చుట్టుపట్ల వ్యవసాయం చేసుకునే మనకు యంత్రమంటే కొత్తగాదు. రేవులో బరువులెత్తే క్రేన్లను చూచాం. ఓడలు కట్టే కార్ఖానా చూచాం. 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం వెలుగు రాత్రిపూట ఆమడ దూరం నుంచి చూచాం. అనకాపల్లి వైపు బెల్లం వండేవారిలో పెద్దలకు, చెరకు గానుగ ఎడ్లతో తిరిగిన రోజులూ తెలుసు, కరెంటు మోటారుతో తిరిగిన రోజులూ తెలుసు. ఈ యంత్రాలన్నీ మన కండబలానికి బదులుగా పనిచేసేవే.

కంప్యూటరు సంగతి వేరు. అది బరువెత్తదు, నేల దున్నదు. దాని పనంతా మాటలతోను, అంకెలతోను. అందుచేత దాన్ని గురించి వూళ్ళో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. ఒకరు “దానికి అన్నీ తెలుసండీ, అది చెబితే తిరుగులేదు” అంటారు. మరొకరు “అదంతా చదువుకున్నవాళ్ళ సరుకు, వేలిముద్ర వేసేవాడికి దానితో పనేమిటి?” అంటారు. రెండు మాటలూ సరికావు. కంప్యూటరును చదువుకు, గ్రంథాలయాలకు, శిక్షణకు తొలినాళ్ళలో ఎట్లా వాడారో తెలుసుకుంటే ఎందుకు సరికావో బోధపడుతుంది. ఆ కథలో ముఖ్యమైన భాగం కొంత మన తెలుగునేల మీదనే జరిగింది.

ముందుగా ఒక్క మాట. కంప్యూటరుకు తనంత తానుగా ఏమీ తెలియదు. కరెంటు దీపానికి వెలగడం, ఆరిపోవడం అనే రెండే స్థితులున్నట్లు, దాని లోపలి మీటలకు కూడ రెండే స్థితులు. అంకెలైనా, అక్షరాలైనా, పాటైనా, బొమ్మైనా ఆ రెండింటి వరుసలుగా మార్చి లోపల దాచుతారు. దాచినదాన్ని చెడకుండా వుంచుతుంది, ఒకదానితో మరొకటి పోల్చుతుంది, చెప్పిన వరుసలో చెప్పినట్టు చేస్తుంది. ఇవన్నీ మహా వేగంగా చేస్తుంది. అంతే దాని బలం. గాదెలో ఏ ధాన్యం పోస్తే ఆ ధాన్యమే గదా తిరిగి వచ్చేది! ఈ గాదె కూడ అంతే. హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ సంస్థ పేరు మీరు వినే వుంటారు. మన దేశంలో తయారైన తొలి కంప్యూటర్లలో ఒకటైన టి.డి.సి.-12 ఆ సంస్థ ద్వారానే 1969లో వెలువడింది. అంటే ఈ యంత్రం మన ప్రాంతానికి నిన్న మొన్న వచ్చింది కాదు.

తొలినాళ్ళలో చదువుకు సంబంధించి దీనికి మూడు పనులు అప్పగించారు. మొదటిది వెదకడం. రెండవది సాధన చేయించడం. మూడవది పాఠం చెప్పడం. ఒక్కొక్కటే చూద్దాం.

వెదికి యిచ్చే పని

పుస్తకాన్ని పల్లెకు చేర్చాలనే తపన తెలుగువారికి పాతదే. 1914లోనే బెజవాడలో గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్యగారు ఆ వుద్యమానికి జీవితమే ధారపోశారు. 1935లో కృష్ణా కాలువ మీద పాతూరి నాగభూషణంగారు పడవలో పుస్తకాలు పెట్టి వూరూరా తిప్పారు. రేవులో పడవ ఆగితే రైతులు వచ్చి పుస్తకం తీసుకునేవారు. అదే 1935లో మన వాల్తేరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయం గ్రంథాలయ శాస్త్రంలో శిక్షణ ప్రారంభించింది. దేశంలో విశ్వవిద్యాలయాలు ఆ పని మొదలుపెట్టిన తొలి రోజులవి.

పుస్తకాలు పదివేలు, లక్ష అయ్యేసరికి ఒక చిక్కు వచ్చింది. కావలసినది ఎక్కడ వుందో తెలిసేదెట్లా? దానికి కార్డుల పెట్టెలు పెట్టారు. ఒక్కొక్క పుస్తకానికి ఒక్కొక్క కార్డు. రచయిత పేరున కొన్ని, పుస్తకం పేరున కొన్ని, విషయాన్ని బట్టి కొన్ని. ఇది మంచి పద్ధతే. కాని ఒక ఉదాహరణ తీసుకుందాం. మీ చెరకులో ఎర్రకుళ్ళు తెగులు వచ్చింది. మీ పొలం నీరు నిలిచే పల్లం. మీకు కావలసింది చెరకు గురించిన పుస్తకమంతా కాదు, తెగుళ్ళ పుస్తకమంతా కాదు, మురుగునీటి పుస్తకమంతా కాదు. మూడూ కలిసినచోట వున్న నాలుగు పుటలు. కార్డుల పెట్టెలో అయితే మూడు సొరుగులు లాగి, వందల కార్డులు తిరగేసి, మూడింటిలోనూ కనిపించిన పేర్లు కాగితం మీద రాసుకోవలెను. దానికి ఒక పూట పడుతుంది.

కంప్యూటరు చేసేది ఏమిటంటే, మూడు జల్లెళ్ళు ఒకదాని కింద ఒకటి పెట్టడం. మొదటి జల్లెడలో “చెరకు” అన్న మాట వున్నవి మాత్రం దిగుతాయి. రెండవదానిలో “ఎర్రకుళ్ళు” వున్నవి, మూడవదానిలో “మురుగునీరు” వున్నవి దిగుతాయి. చివరకు కింద పడేవి నాలుగో, అయిదో. వాటినే చూపుతుంది. లక్ష కార్డులైనా క్షణంలో జల్లిస్తుంది. గ్రంథాలయంలో కంప్యూటరు చేసే పని యావత్తూ ఈ జల్లెడ పనే.

ప్రపంచంలో పెద్ద గ్రంథాలయాలు ఈ పనికి 1960ల నుంచి పూనుకున్నాయి. అమెరికాలోని కాంగ్రెసు గ్రంథాలయంలో హెన్రియెట్ ఆవ్రమ్ అనే ఆమె, పుస్తకాల వివరాలను యంత్రం చదవగలిగేటట్లు రాసే ఒక పద్ధతిని తయారుచేసింది. వ్యవసాయం మాటకు వస్తే, ఐక్యరాజ్యసమితి వారి ఆహార వ్యవసాయ సంస్థ 1975లో “ఆగ్రిస్” అనే ఏర్పాటును నడపడం మొదలుపెట్టింది. ఏ దేశంలో ఏ పంట మీద ఏ పరిశోధన అచ్చయినా, ఆ దేశంవారు దాని వివరాలు పంపడం, అన్నిటినీ ఒకచోట చేర్చి అందరికీ తిరిగి అందించడం. సహకార సంఘంలో తలా ఒక బస్తా పోసి, ఎవరికి కావలసింది వారు తీసుకున్నట్లన్నమాట.

మన దగ్గర హైదరాబాదు పక్కన పటాన్‌చెరువులో మెట్టపంటల పరిశోధనకు 1972లో ఇక్రిశాట్ సంస్థ వెలిసింది. అక్కడి గ్రంథాలయంవారు 1976లో జొన్న, చిరుధాన్యాల సమాచార కేంద్రాన్ని నెలకొల్పారు. ఆ పంటల మీద ఎక్కడెక్కడో అచ్చయిన వ్యాసాలను కూడగట్టి, అడిగినవారికి అందించడం దాని పని. తరువాత 1980లలో ఇదే పనిని కంప్యూటరు సాయంతో మరింత విస్తరించారు. పరిశోధకుడు తనకు ఏ పంట, ఏ పురుగు, ఏ నేల కావాలో ఒకసారి చెప్పి వుంచితే, కొత్తగా వచ్చినవాటిలో అతనికి పనికివచ్చేవి మాత్రం ఏరి పంపేవారు.

ఇందులో మనం గమనించవలసిన కిటుకు ఒకటుంది. జల్లెడకు మాట తెలియాలి. వివరం ఎక్కించిన గుమాస్తా “ఎర్రకుళ్ళు” అన్న మాట రాయకుండా ఇంగ్లీషు పేరో, శాస్త్రీయ నామమో మాత్రం రాసి వుంటే, మీరు ఎర్రకుళ్ళు అని అడిగినప్పుడు యంత్రం “ఏమీ లేదు” అంటుంది. సమాచారం లోపల వుండి కూడ లేదంటుంది. అబద్ధమాడటం దాని వుద్దేశం కాదు. మీ మాటా, దానికి నేర్పిన మాటా కలవలేదు, అంతే. కాబట్టి “లేదు” అని వచ్చినప్పుడు నిరాశపడక, పేరు మార్చి అడగవలెను. మీ వాడుక పేరుకు శాస్త్రజ్ఞుల పేరేదో చెప్పగలిగిన మనిషి, అంటే విస్తరణ కార్యకర్త, యంత్రానికీ రైతుకూ మధ్య వుండి తీరవలెను.

సాధన చేయించే పని

రెండవది శిక్షణ. ఈత పుస్తకం చదివి ఎవరూ ఈత నేర్వలేదు. అట్లాగని నేర్చుకునేవాణ్ణి ఒక్కసారిగా నడిసముద్రంలోకి తోయలేం. మధ్యలో చెరువు గట్టు వుండాలి. కంప్యూటరు అట్లాంటి చెరువు గట్టు కాగలదని మొదట గ్రహించినవారు విమానాలు, ఓడలు నడిపేవారు.

1944లో అమెరికా నౌకాదళం, విమాన చోదకులకు నేలమీదనే శిక్షణ యిచ్చే యంత్రం కావాలని మసాచుసెట్స్ విద్యాసంస్థవారిని అడిగింది. చోదకుడు మీట తిప్పితే నిజం విమానం ఎట్లా వొరుగుతుందో లెక్కకట్టి అప్పటికప్పుడే చూపాలి. ఆ లెక్క కోసం వారు “వర్ల్‌విండ్” అనే కంప్యూటరును కట్టారు. చోదకుల శిక్షణ గది సంగతి మధ్యలో వదిలివేశారు గాని, 1951కి ఆ కంప్యూటరు పనిలోకి వచ్చింది. మనిషి చేతికి వెంటనే జవాబు చెప్పగల తొలి కంప్యూటర్లలో అదొకటి. అంటే శిక్షణ కోసం పుట్టిన అవసరమే కంప్యూటరును ముందుకు నడిపించింది.

మన విశాఖలో 1974లో ఏర్పడిన ఐ.ఎన్.ఎస్. శాతవాహన, నౌకాదళంవారి జలాంతర్గామి శిక్షణ స్థావరం. జలాంతర్గామిలో పనిచేయబోయేవారు సముద్రంలో మునగకముందు, ఒడ్డున నమూనా యంత్రాల ముందు కూర్చుని సాధన చేస్తారు. అక్కడ పొరపాటు జరిగితే ఓడ మునగదు, ప్రాణం పోదు. మళ్ళీ మొదటినుంచి చేయవచ్చు. ఈ “మళ్ళీ చేయవచ్చు” అన్న మాటలోనే దాని విలువంతా వుంది.

సేద్యంలో మనకు ఈ సౌకర్యం లేదు. ఏడాదికి ఒక ఖరీఫు. విత్తనం ముందుగా వేస్తే ఏమవుతుందో, ఆలస్యంగా వేస్తే ఏమవుతుందో రెండూ ఒకే పొలంలో, ఒకే వానకు చూడలేం. ఈ లోటు కొంత తీర్చడానికి శాస్త్రజ్ఞులు 1980లలో పంటల నమూనాలు తయారుచేశారు. 1983 మార్చిలో వివిధ దేశాలవారు మన పటాన్‌చెరువులోనే సమావేశమై, ఇట్లాంటి లెక్కకు కనీసం ఏయే కొలతలు వుండాలో చర్చించారు. రోజువారీ వాన, ఎండ, వేడి, నేల లోతు, నేల నీటిని పట్టివుంచే శక్తి, విత్తనం రకం, వేసిన తేదీ, వేసిన ఎరువు, ఇట్లాంటివి. ఆ కృషి ఫలితంగా 1989లో ఈ నమూనాలన్నిటినీ కలిపిన ఏర్పాటు ఒకటి వెలువడింది. గడచిన ముప్పై ఏళ్ళ వానలెక్కలు ఇస్తే, జూన్ నడిమిలో వేసిన పైరు ముప్పైలో ఎన్నేళ్ళు నిలబడేది, జులై నడిమిలో వేసినది ఎన్నేళ్ళు నిలబడేది అని అది లెక్కకట్టి చెబుతుంది.

ఇక్కడా పాత నీతే. వానకొలత పాత్ర లేని మండలానికి నమూనా సరిగా చెప్పలేదు. నేల పరీక్ష చేయించని పొలానికి చెప్పలేదు. కొలత లేనిచోట లెక్క లేదు.

పాఠం చెప్పే పని

మూడవది, అన్నిటికన్న మనకు దగ్గరైనది, పాఠం చెప్పడం.

1960లో అమెరికాలో ఇల్లినాయి విశ్వవిద్యాలయంలో డొనాల్డ్ బిట్జర్ అనే ఇంజనీరు, “ప్లేటో” అనే బోధనాయంత్రాన్ని నడిపి చూపాడు. ఒక పెద్ద కంప్యూటరు, టెలివిజను తెర, కొన్ని మీటలు. మొదట ఒక్క విద్యార్థికే పాఠం. తెరమీద విషయం వస్తుంది, తరువాత ప్రశ్న వస్తుంది. జవాబు సరిగా చెబితే ముందుకు పోతుంది. తప్పితే ముందుకు పోనివ్వదు. అర్థం కానప్పుడు “సాయం” అనే మీట నొక్కితే, అదే విషయాన్ని చిన్న చిన్న ముక్కలుగా విడదీసి చెప్పి, మళ్ళీ ప్రశ్న దగ్గరకు తీసుకువస్తుంది. వందసార్లు తప్పినా కసరదు, నవ్వదు, పక్కవాడితో పోల్చదు. నలభైమంది పిల్లలున్న తరగతిలో ఏ పంతులుగారికీ ఇది సాధ్యం కాదు. ఆయన తప్పేమీ లేదు, నలభైమందికి ఒక్కరే గదా!

మన దేశంలో 1984-85లో బడిపిల్లలకు కంప్యూటరు పరిచయం చేసే పథకం మొదలైంది. బ్రిటనులో తయారైన చిన్న కంప్యూటర్లను తొలివిడతగా సుమారు 250 బడులకు ఇచ్చారు. మంచి ప్రయత్నమే. కాని పాఠాలు ఎక్కువగా ఇంగ్లీషులోనే వుండేవి. పల్లెటూరి బడికి, పెద్దల చదువుకు అది అందిరాలేదు. కంప్యూటరుకు తెలుగు రావలసి వుంది.

తెలుగు రావడమంటే ఏమిటో ఒక్క క్షణం ఆలోచించండి. ఇంగ్లీషుకు ఇరవైఆరు అక్షరాలు, ఒకదాని పక్కన ఒకటి పెడితే సరి. మనకు తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, కింద ఒత్తు. “స్త్రీ” అని రాయడానికి మూడు హల్లులు, ఒక గుణింతం ఒక్కచోట కుదురుకోవాలి. మన శాస్త్రజ్ఞులు 1980లలో కాన్పూరు ఐ.ఐ.టి.లోను, తరువాత పుణె సీ-డాక్ సంస్థలోను ఈ చిక్కు విడదీశారు. మామూలు కంప్యూటరు లోపల ఒక పలక వంటి కార్డు పెడితే, తెరమీద భారతీయ లిపులు వచ్చే ఏర్పాటు చేశారు. 1991లో భారతీయ లిపులకు దేశమంతటికీ ఒకే సంకేతాల పట్టిక ఖాయమైంది. ఆ ఏడాదే ప్రపంచమంతా వాడే యూనికోడు పట్టికలో కూడ తెలుగు చేరింది. ఈనాడు మీ ఫోనులో తెలుగు కనిపిస్తున్నదంటే ఆ పునాది మీదనే.

ఇక బీరంగూడ సంగతి. ఇక్రిశాట్ వున్న పటాన్‌చెరువు దారిలోనే, అప్పటి మెదక్ జిల్లాలో, బీరంగూడ అనే గ్రామం వుంది. 2000వ సంవత్సరంలో అక్కడ ఒక ప్రయోగం జరిగింది. కంప్యూటరుతో, అక్షరం రాని పెద్దలకు చదవడం నేర్పడం! దీన్ని తలపెట్టినవారు టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్ సంస్థను తొలినాళ్ళ నుంచీ నడిపిన ఫకీర్ చంద్ కోహ్లీగారు. 2001 జనాభా లెక్కల్లో మన ఉమ్మడి రాష్ట్రంలో ఏడేళ్ళు దాటినవారిలో చదువు వచ్చినవారు నూటికి అరవై మంది. మిగతా నలభైమంది మాట ఏమిటి? కూలికి పోయి సాయంత్రం అలసి వచ్చే మనిషి, అ ఆ ల నుంచి మొదలుపెట్టి, గుణింతాలు, ఒత్తులు ముగించి, మాట దగ్గరకు వచ్చేసరికి నెలలు గడుస్తాయి. అప్పటికి చాలామంది మానేస్తారు. జాతీయ సాక్షరతా మిషన్ వారి వాచకాలు నేర్వడానికి రెండువందల గంటలు పడుతుందని లెక్క.

కోహ్లీగారి బృందం ఈ వరుసను తిరగవేసింది. పాఠాలు మాత్రం సాక్షరతా మిషన్ వాచకాల్లోవే. కాని అక్షరంతో గాక మాటతో మొదలుపెట్టారు. ఉదాహరణకు “పడవ” అనే మాట అనుకోండి. తెరమీద పడవ బొమ్మ వస్తుంది. “పడవ” అని గొంతు వినిపిస్తుంది. బొమ్మ పక్కన అక్షరాలు కనిపిస్తాయి. తరువాత ఆ మాట కళ్ళముందే మూడుగా విడిపోతుంది. ప, డ, వ. ఒక్కొక్కటి విడిగా పలుకుతుంది. మళ్ళీ మూడూ దగ్గరకు వచ్చి పడవ అవుతాయి. రేపు “వల” అన్న మాట వస్తే అందులోని “వ” ను మనిషి ఇట్టే పట్టేస్తాడు. పెద్దవాడికి ఆ మాటా, దాని అర్థమూ ముందే తెలుసు. తెలియనిది దాని రూపం మాత్రమే. తెలిసినదాని ఆసరాతో తెలియనిదాన్ని పట్టించడమే ఈ పద్ధతిలోని కీలకం.

ఇట్లా రెండు మూడు నెలల మీద సర్దిన సుమారు నలభై గంటల్లో, అయిదువందల మాటల వరకు చదవగలిగి, వార్తాపత్రిక కూడబలుక్కునే స్థితికి వచ్చేవారు. యంత్రాలు కొత్తవి కావు. కార్యాలయాల్లో పాతబడి పక్కన పెట్టిన కంప్యూటర్లు. పాఠం యంత్రమే చెబుతుంది గనుక, దాన్ని నడిపి, పక్కన నిలబడి ధైర్యం చెప్పేవారు మామూలుగా చదువుకున్నవారైతే చాలు. మనిషికి అయ్యే ఖర్చు నూరు రూపాయల లోపే. బీరంగూడలో ఫలితం చూచిన తరువాత ఈ పద్ధతిని రాష్ట్రంలో మరికొన్ని జిల్లాలకు, తమిళం, హిందీ మొదలైన ఇతర భాషలకు కూడ విస్తరించారు.

దీనికి లోట్లు లేవా అంటే వున్నాయి. ముఖ్యంగా చదవడమే నేర్పారు, రాయడం మీద దృష్టి పెట్టలేదు. అయిదువందల మాటలు గట్టు దాటడానికి సరిపోతాయి గాని, ప్రయాణమంతా మిగిలే వుంటుంది. ఆ తరువాత చదవడానికి రోజూ ఏదో ఒక కాగితం చేతిలో లేకపోతే, నేర్చినది కొన్నాళ్ళకు జారిపోతుంది. అయినా “చదువు రానివాడికి కంప్యూటరుతో పనేమిటి?” అన్న ప్రశ్నకు బీరంగూడ సరైన జవాబు. చదువు రానివాడికే దానితో ముందు పని!

పాఠంలో ఏముంది?

ఇక్కడ యంత్రంలేని ఒక సంగతి కూడ చెప్పుకోవాలి. 1990 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా వుద్యమం సాగింది. లాంతరు వెలుగు, పలక, వాచకం, అంతే. వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం వుంది. వూళ్ళో ఆడవాళ్ళు ఏకమై సారాకొట్టు మూయించిన కథ. దూబగుంట ఆడవాళ్ళు ఆ పాఠం విన్నారు, తమ వూళ్ళోనూ సారా ఆపించారు. అది జిల్లాకు పాకింది, రాష్ట్రానికి పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ సంపూర్ణ నిషేధం తరువాత ఎత్తివేశారు, అది వేరే కథ. మనకు కావలసింది ఇది: పాఠంలో తమ బ్రతుకు వుంటే మనుషులు నేర్చుకుంటారు. లేకపోతే బంగారు తెర పెట్టినా నిద్రపోతారు.

రైతుకు తన బ్రతుకున్న పాఠం ఏది? పురుగుమందు డబ్బా తీసుకోండి. దానిమీద రంగు గుర్తు వుంటుంది. ఎరుపు అత్యంత విషం, పసుపు తీవ్ర విషం, నీలం మధ్యరకం, ఆకుపచ్చ తక్కువ విషం. రంగు చూడటానికి చదువు అక్కరలేదు. కాని ఎకరానికి ఎంత కలపాలి, ఏ పంటకు కొట్టాలి, కొట్టిన తరువాత ఎన్నాళ్ళకు కోత కోయాలి, ఒంటికి తగిలితే ఏంచేయాలి, కాలం ఎప్పటితో తీరుతుంది అన్నవి అక్షరాల్లోనే వుంటాయి. అవి చదవలేనివాడు అమ్మినవాడి మాట మీద ఆధారపడవలసిందే. బ్యాంకు పాసుపుస్తకం, భూమి పాసుపుస్తకం, విత్తన సంచి చీటీ, బెల్లం తూకం చీటీ, అన్నీ అంతే. వేలిముద్ర వేసేవాడు, తాను దేనికి ఒప్పుకున్నాడో తెలియక ఒప్పుకున్నట్లే.

విస్తరణ కార్యకర్తలకు

గ్రామంలో పనిచేసే సోదరీ సోదరులు ఈ అనుభవాల నుంచి కొన్ని పనులు నేరుగా తీసుకోవచ్చును.

మొదటిది, ఒక్క యంత్రంతోనే పదిహేను మందికి పాఠం నడపవచ్చు. అర్ధచంద్రాకారంగా కూర్చోబెట్టి, తెర అందరికీ కనిపించేటట్లు కాస్త ఎత్తున పెట్టండి. తెరమీద మాట రాగానే యంత్రం పలికేలోపు వారిచేత పలికించండి. చూచి వూరుకునేవాడికి రాదు, నోరు కదిపేవాడికే వస్తుంది.

రెండవది, వేళ. నాట్లప్పుడు, కోతలప్పుడు పాఠం పెట్టుకోవద్దు. ఆడవాళ్ళకు పొయ్యి పని ముగిసిన వేళ, మగవాళ్ళకు పశువులను కట్టేసిన వేళ వారినే అడిగి నిర్ణయించండి. కరెంటు ఏ వేళ నిలకడగా వుంటుందో కూడ చూచుకోండి.

మూడవది, పాఠం ముగిసిన రోజునే అసలు కాగితం చేతిలో పెట్టండి. ఖాళీ విత్తన సంచి, పాత తూకం చీటీ, నిన్నటి పత్రిక. ఒక్క మాట చదవగలిగినా వారికి కలిగే ధైర్యం వేరు. మందు డబ్బాలు మాత్రం ఖాళీవైనా పాఠానికి తేవద్దు, వాటి చీటీల నకలు చాలు.

నాలుగవది, వూరి గ్రంథాలయాన్ని, పాఠశాలను కలుపుకోండి. నేర్చినవారికి చదవడానికి పెద్ద అక్షరాల కాగితం వారానికొకటైనా అందకపోతే మన శ్రమ వృథా.

2020 మే నెలలో మన రాష్ట్రంలో రైతు భరోసా కేంద్రాలు తెరిచి, వాటిలో తెరమీద వేలితో తాకి వాడే యంత్రాలు పెట్టారు. 2024 తరువాత వాటినే రైతు సేవా కేంద్రాలని పిలుస్తున్నారు. ఇప్పుడు చాలామంది చేతిలో ఫోను కూడ వుంది. అడిగిన ప్రశ్నకు మాటల్లోనే జవాబు చెప్పే కంప్యూటర్లు సైతం వచ్చాయి. బిట్జర్ నాడు ఒక్క విద్యార్థికి ఒక గదినిండా యంత్రం కావలసి వుండగా, నేడు జేబులో ఇమిడింది. కాని యంత్రం ఎంత మారినా, రైతు దానిని అడగవలసిన ప్రశ్నలు మూడే.

ఒకటి, ఇందులో సమాచారం పోసినవారు ఎవరు? పరిశోధనా కేంద్రమా, మందులమ్మే వర్తకుడా, పేరులేని మనిషా?

రెండు, ఇది నా నేలకు, నా వానకు, నా రకానికి చెప్పిన మాటేనా? పంజాబు గోధుమకు చెప్పినది పాడేరు రాజ్మాకు పనికిరాదు.

మూడు, ఇది తప్పయితే నన్ను సరిదిద్దే మనిషి ఎవరు? ఆ మనిషి లేని యంత్రాన్ని నమ్మి పదెకరాల మీద మందు కొట్టవద్దు. ముందు మడిలో ఒక మూల కొట్టి చూడండి. 1913 నుంచి చెరకు మీద పనిచేస్తున్న అనకాపల్లి పరిశోధనా స్థానం మనకు దగ్గరలోనే వుంది. 2004లో మొదలైన కిసాన్ కాల్ సెంటరుకు 1800-180-1551 నంబరు మీద ఖర్చులేకుండా ఫోను చేసి తెలుగులోనే అడగవచ్చు.

కంప్యూటరు మంచి గుమాస్తా. దాచినది వెదికి తెస్తుంది. మంచి చెరువు గట్టు. ప్రమాదం లేకుండా సాధన చేయిస్తుంది. విసుగులేని పంతులు. నూరోసారి కూడ మొదటిసారిలాగానే చెబుతుంది. కాని దానికి ఏం దాచాలో, ఏం చెప్పాలో నిర్ణయించేది మనిషి. ఆ నిర్ణయంలో రైతుకు పాలుండాలంటే రైతుకు చదువుండాలి. మీ ఇంట్లో ఇంకా వేలిముద్ర వేసేవారుంటే, ఈ ఖరీఫు నాట్లు ముగిసిన తరువాత రోజుకు గంట చొప్పున నలభై రోజులు వారికోసం కేటాయించండి. ఫోను తెరమీదనైనా సరే, పలక మీదనైనా సరే. రబీ విత్తనం కొనేనాటికి సంచిమీది చీటీ వారే చదివి మీకు వినిపించవలెను.